పచ్చా? ఎర్రా?

వదిన దేన్నీ ఊరికే నమ్మే మనిషి కాదు. పాలు పోయించుకుంటే గిన్నెను వెలుగులోకి వంచి చూడాల్సిందే. కూరగాయల దుకాణంలో తక్కెడ ఊగడం మానేదాకా సంచి చాపేది కాదు. డాక్టరు మందు రాసిస్తే, ఇదే జబ్బు మీకొస్తే ఇదే మందు వాడతారా అని అడిగి మరీ తీసుకునేది. సిగ్నల్ డిపోలో ఆవిణ్ణి అందరూ వదినా అనే పిలిచేవాళ్ళు. ఆవిడ భర్త ఉన్నప్పుడు ఆయన్ని అన్నా అని పిలిచిన నోళ్ళే అవి. ఆవిడ అటు తిరిగిందంటే మాత్రం అనుమానం వదిన అయిపోయేది. తన నీడ వెంట వస్తున్నా ఆగి గుర్తింపు కార్డు అడుగుతుందని పొట్టి ఫిట్టరు ఒక జోకు పుట్టించాడు. అది తిరిగి తిరిగి ఆవిడ చెవిన పడింది.

"అడిగితే తప్పేముంది? అది నా నీడేనని నువ్వు పూచీ ఉంటావా?" అంది.

నవ్వుకునేవాళ్ళు నవ్వుకున్నారు గానీ, పుట్టుకతో ఎవరూ ఇలా పుట్టరు కదా. కొత్త కాపురంలో వదిన ఇంటికి తాళం వేయడం మరిచిపోయి బజారుకు వెళ్ళిపోయే పిల్ల. ఎవరేం చెప్పినా ఔనా అని నోరు తెరుచుకుని వినేది. ఆ పిల్లను ఒక ఉదయం వచ్చిన కబురు మింగేసింది.

భర్త రైలు డ్రైవరు. ఆ ఉదయం ఆయన నడుపుతున్నది ఎక్స్‌ప్రెస్ బండి. దానికి ఆ చిన్న స్టేషనులో ఆగే పని లేదు, మెయిన్ లైను మీద సూటిగా వెళ్ళిపోవాలి. వెళ్ళలేదు. పక్క లైనులోకి మళ్ళి, అక్కడ నిలబడి ఉన్న గూడ్సు బండిని వెనక నుంచి గుద్దింది. డ్రైవరు పోయాడు, పక్కన కూర్చున్న అసిస్టెంటు పోయాడు, ముందు పెట్టెల్లో చాలామంది పోయారు. వదిన అప్పుడు పసిపిల్లతో పుట్టింట్లో ఉంది. వచ్చేసరికి అత్తగారు గుమ్మంలో కూర్చుని ఉంది. కోడలిని పట్టుకుని ఏడ్చింది గానీ, ఒక్క మాటైనా మాట్లాడలేదు.

విచారణ జరిగింది. ఆ రోజు డ్యూటీలో ఉన్న స్టేషను మాస్టరు, సిగ్నల్ ఎర్రగానే ఉంది, నేను బండికి దారి ఇవ్వనే లేదు అన్నాడు. సిగ్నల్ మేస్త్రి, ఆ పూట యార్డులో మా వాళ్ళ పనేదీ జరగలేదు అన్నాడు. ఇప్పటిలా ఏ దీపం ఎప్పుడు వెలిగిందో గుర్తుపెట్టుకునే యంత్రం అప్పట్లో ఆ స్టేషనుకు లేదు. పోయినవాళ్ళు వచ్చి సాక్ష్యం చెప్పరు. డ్రైవరు ఎర్ర సిగ్నల్ దాటాడని, బహుశా కునుకు పట్టి ఉంటుందని తేల్చి మూసేశారు. ఆ కునుకు మాట కాలనీ అంతా పాకింది. కూతురు పెద్దదై బడికి వెళ్తుంటే, "మీ నాన్న నిద్రపోయి అందర్నీ చంపేశాడటగా" అని పక్కబెంచీ పిల్ల అడిగింది. పిల్ల ఇంటికొచ్చి, నిజమా అమ్మా అంది. కాదు అని గట్టిగా చెప్పేందుకు వదిన దగ్గర ఏముంది? చెప్పింది, ఏమీ లేకుండానే చెప్పింది. ఆ రాత్రి తనకి తనే మళ్ళీ ఆ పాత ప్రశ్న వేసుకుంది. ఇంతకీ అది పచ్చా, ఎర్రా?

ఆవిడ బతుకంతా ఆ రెండు ముక్కల చుట్టూనే తిరిగింది.

భర్త పోయిన కొత్తలోనే, అందుకు ఇచ్చే ఉద్యోగం ఆఫీసులో బల్ల పని అన్నారు. వద్దు, సిగ్నల్ డిపోలో హెల్పరుగా వేయండి అంది. ఆడమనిషివి, ఎండలో పట్టాల వెంట ఏం తిరుగుతావని పెద్దలు నచ్చజెప్పబోయారు. "పట్టాల మీద పోయినాయన సంగతి పట్టాల దగ్గర కాక బల్ల దగ్గర తెలుస్తుందా?" అంది. అలా సుత్తి, పానా, గ్రీజు డబ్బా మోసుకుంటూ మొదలుపెట్టి, ఏళ్ళ మీద ఫిట్టరు అయింది.

ఆవిడకి పని నేర్పింది ఆ మేస్త్రే. విచారణలో పనేదీ జరగలేదని చెప్పాడే, ఆ మేస్త్రి. మొదటిరోజే వచ్చి, "చెల్లెమ్మా, బావ నాకు పరాయివాడు కాడు. నీకే కష్టమొచ్చినా నా దగ్గరికి రా" అన్నాడు. అనడమే కాదు, చేశాడు. పిల్లకి జ్వరమొస్తే ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. ఇంటి కప్పు కారితే తానే నిచ్చెన వేసుకుని ఎక్కాడు. ఫిట్టరు పరీక్షకు దగ్గర కూర్చుని చదివించాడు. ఎవరైనా ఆవిడ మీద నోరు జారితే, నా చెల్లెలి జోలికి రావద్దని కసిరేవాడు. ఆయన్ని అందరూ దేవుడనేవాళ్ళు. వదిన కూడా అన్నయ్యా అనే పిలిచేది. పిలిచినప్పుడల్లా లోపల ఒక పురుగు దొలిచేది. సొంత అన్న రెండు నెలలు వచ్చిపోయి ముఖం చాటేశాడు, ఈయనకెందుకు ఇంత ప్రేమ?

ఛీ, నేనేం మనిషిని అని తిట్టుకునేది. మర్నాడు మళ్ళీ అదే పురుగు.

పాయింట్ అంటే ఏమిటో ఆయనే నేర్పాడు. బండి ఒక లైను నుంచి ఇంకో లైనుకు మారాలంటే, మొన తేలిన రెండు పట్టాలు పక్కకు జరగాలి. వాటిని జరిపేది ఒక మోటారు. జరిగితే చాలదు, కదిలే పట్టా వెళ్ళి పక్కనున్న పట్టాకు సందు లేకుండా అతుక్కోవాలి. అతుక్కుంటేనే మోటారు పెట్టెలో కాంటాక్టు కలుస్తుంది. అది కలిస్తే స్టేషనులో మాస్టరు ముందున్న బల్ల మీద చిన్న దీపం వెలుగుతుంది, అప్పుడే ఆయన సిగ్నల్‌ను పచ్చ చేయగలడు. పట్టా ఒకవైపు, సిగ్నల్ ఇంకోవైపు చెప్పడం కుదరదు.

"మరి కాంటాక్టు అబద్ధం చెబితే?" అని అడిగింది వదిన.

"దానంతట అది చెప్పదమ్మా."

"ఎవరైనా చెప్పిస్తే?"

మేస్త్రి చేతిలో గ్రీజు గుడ్డను అటూ ఇటూ తిప్పి, "మనుషులు తలుచుకుంటే ఏం చేయరు?" అని లేచిపోయాడు.

ఆ చెప్పించడం ఎలాగో ఆయన నేర్పలేదు. అది పొట్టి ఫిట్టరు పుణ్యమా అని తెలిసింది. ఒకసారి టీ తాగుతూ, పాతరోజుల్లో మనవాళ్ళు ఎంత హుషారో అని గొప్పలు పోతూ చెప్పుకొచ్చాడు. మోటారు మొండికేసి బండ్లు ఆగిపోతే, పైనుంచి తిట్లు పడతాయి. అప్పుడు లైను పక్కనున్న పెట్టె తెరిచి, జానెడు వైరు ముక్క రెండు కొసలకూ తగిలిస్తే సరి. పట్టా ఎక్కడున్నా సరే, సరిగ్గా ఉందని బల్ల మీద దీపం వెలిగిపోతుంది. బండి పోయాక వైరు పీకేసి జేబులో వేసుకుంటే, ఏమీ జరగనట్టే. దాన్ని వైరు వేయడం అంటారు. దొరికితే ఉద్యోగం పోతుంది, ఒక్కోసారి జైలు కూడా. "అందుకే ఎవడూ దొరకడు" అని నవ్వాడు పొట్టి ఫిట్టరు.

వదిన చేతిలో టీ చల్లారిపోయింది. ఆ రోజు నుంచి డిపోలో ఏ మనిషి జేబు ఉబ్బెత్తుగా కనిపించినా ఆవిడ చూపు అక్కడే ఆగేది. స్టేషను మాస్టరును అనుమానించింది. ఆయన అప్పటికే వేరే ఊరికి బదిలీ అయిపోయి, అక్కడే కన్నుమూశాడు. పొట్టి ఫిట్టరును అనుమానించింది, కానీ ప్రమాదంనాటికి అతను ఉద్యోగంలోనే లేడు. మేస్త్రిని అనుమానించింది, సాయంత్రానికి ఆయన పిల్లకి పుస్తకాలు పట్టుకుని వస్తే సిగ్గుతో చచ్చిపోయింది. ఎవరూ దొరకని రోజుల్లో భర్తనూ అనుమానించింది. ఏమో, నిజంగానే కన్ను మూతపడిందేమో. ఆ రోజుల్లో ఆవిడ అన్నం ముందు కూర్చుని లేచిపోయేది. ఎవర్ని అనుమానించినా ఇంత బాధ లేదు, ఆయన్ని అనుమానించినందుకే తన మీద తనకి అసహ్యం వేసేది.

ఇంట్లో అత్తగారు ఉండేది, ఉన్నా లేనట్టే. ఇంటి పనంతా చక్కబెట్టేది, మనవరాలిని కళ్ళలో పెట్టుకుని పెంచింది, కోడలు డ్యూటీ నుంచి వచ్చేసరికి వేడినీళ్ళు సిద్ధం చేసేది. ప్రమాదం మాట వస్తే మాత్రం లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఆయన తప్పు లేదు అత్తయ్యా అని వదిన ఎన్నిసార్లు అన్నా, ఔననేది కాదు, కాదనేది కాదు. కన్నతల్లి అయ్యుండి కొడుకు వైపు ఒక్క మాట పలకదేం? ఈవిడ కూడా ఆ కునుకు కథే నమ్మిందన్నమాట. వదినకు అది పంటి కింద రాయిలా ఉండేది. ఒక్కోసారి ఉండబట్టలేక, "మీ కొడుకు మీద మీకే నమ్మకం లేకపోతే ఊళ్ళో వాళ్ళననడం దేనికి" అని దెప్పేది.

ఇలా సాగుతుండగా మేస్త్రి రిటైర్ అయ్యే నెల వచ్చింది. డిపోలో సన్మానం ఎలా చేయాలని మాట్లాడుకుంటున్నారు. అలాంటి రోజుల్లో ఒక ఉదయం, పెద్ద వాన వెలిసిన కాసేపటికి, అదే స్టేషనులో పాయింట్ మొరాయించింది. అదే పాయింట్ అని వేరే చెప్పాలా? ఆ యార్డుకు ఆ కొసన ఉన్నది అదొక్కటే.

మేస్త్రి, వదిన, పొట్టి ఫిట్టరు కలిసి వెళ్ళారు. స్టేషను బయట ఎర్ర సిగ్నల్ ముందు ఒక పాసింజరు బండి నిలబడి ఉంది. జనం విసుగెత్తి రాళ్ళ మీదికి దిగి తిరుగుతున్నారు, ఎవరో చంటిపిల్ల ఏడుస్తోంది. మోటారు ప్రతిసారీ గుర్రుమని తిరుగుతోంది, పట్టా జరుగుతోంది, చూడటానికి అతుక్కున్నట్టే ఉంది, కాంటాక్టు మాత్రం కలవడం లేదు. ముగ్గురూ పెట్టె మూత తీసి కూర్చున్నారు. అటు ఇప్పటి స్టేషను మాస్టరు ఫోనులో నిప్పులు చెరుగుతున్నాడు.

"ఇంకా ఎంతసేపండీ? వెనక ఇంకో బండి వచ్చేస్తోంది. పైవాళ్ళకి నేనేం చెప్పను? ఎలాగోలా ఇచ్చేయండి."

ఎలాగోలా అనే మాటకి డిపోలో ఒకటే అర్థం. పొట్టి ఫిట్టరు చుట్టూ చూసి, ప్యాంటు జేబులోంచి వైరు ముక్క తీశాడు.

"పట్టా మెయిన్ లైనుకే ఉంది, కళ్ళ ముందు కనిపిస్తూనే ఉంది. ఈ దిక్కుమాలిన కాంటాక్టు కోసం ఇంతమందిని ఎండబెట్టడం ఎందుకు? ఈ ఒక్క బండిని పోనిచ్చి తీరిగ్గా చూద్దాం."

మేస్త్రి ఆ వైరును అతని చేతిలోంచి లాక్కున్న తీరు చూసి వదిన అదిరిపడింది. ఇన్నేళ్ళలో ఆయన గొంతు పెంచగా వినలేదు.

"నేను బతికుండగా ఈ పెట్టెలో వైరు పడదు. అర్థమైందా? ఇంకోసారి నీ జేబులో చూశానంటే చెయ్యి విరిచేస్తాను."

ఆ చేతులు వణుకుతున్నాయి. కోపంతో వణకడం వదిన చాలా చూసింది, ఇది ఆ వణుకు కాదు. భయంతో వణుకుతున్నాడు, కొరడా చూసిన గుర్రంలా. వైరు ముక్కను చూసి ఇంత భయమా? దొలిచే పురుగు ఒక్కసారిగా పామై పడగ ఎత్తింది. ఆవిడ ఏమీ ఎరగనట్టు గొంతు మామూలుగా పెట్టుకుని అంది.

"వేయనివ్వండి అన్నయ్యా. ఒక్కసారికి ఏమైపోతుంది?"

"ఆ రోజూ వేసింది ఒక్కసారే" అన్నాడు మేస్త్రి.

అనేశాడు. అన్నాక గానీ తాను ఏమన్నాడో ఆయనకే తెలియలేదు. పొట్టి ఫిట్టరుకు ఏమీ అర్థం కాలేదు, ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు.

"ఏ రోజు?" అంది వదిన.

మేస్త్రి పెట్టె అంచు పట్టుకుని కూలబడ్డాడు. పనేదీ జరగలేదని విచారణలో ప్రమాణం చేసి చెప్పిన మనిషి.

ఇంకొకరైతే ఆ క్షణాన చేతిలోని పానాతోనే ఏదో ఒకటి చేసి ఉండేవాళ్ళు. వదినకూ చేతులు లేచాయి, అబద్ధం ఎందుకు? కానీ అవతల చంటిపిల్ల ఇంకా ఏడుస్తూనే ఉంది. ఆవిడ వంగి, పట్టా మొన దగ్గర వేలు పెట్టి తడిమింది. చూడటానికి సందు లేదు, వేలి గోటికి మాత్రం సన్నగా తగిలింది. మోటారు నుంచి వచ్చే కడ్డీ దగ్గర నట్టు వదులైంది. పొట్టి ఫిట్టరు కూడా వంగి చూసి, మేస్త్రి పిడికిలి వంక చూశాడు. ఆ వైరు వేసి ఉంటే బండి ఆ సందు దగ్గరే పట్టాలు తప్పేదని అతనికిప్పుడు తెలిసింది.

"లేవండి. ఆ కొస పట్టుకోండి" అంది వదిన మేస్త్రితో. అన్నయ్యా అనలేదు.

ఇద్దరూ కలిసే నట్టు బిగించారు. భర్తను చంపిన చేతులు ఒకవైపు, తన చేతులు ఇంకోవైపు, మధ్యలో ఒకే పానా. ఆ పాయింట్ దగ్గర కాక లోకంలో ఇంకెక్కడా ఆవిడ ఆ మనిషి పక్కన నిలబడగలిగేది కాదు. బిగించాక పరీక్ష చేయాలి. కదిలే పట్టాకీ అసలు పట్టాకీ మధ్య సన్నటి ఇనుప ముక్క అడ్డుపెట్టి మోటారు తిప్పుతారు. ముక్క ఉండగా కాంటాక్టు కలవకూడదు, తీశాక కలవాలి. మేస్త్రి చేత ముక్క పెట్టించింది, కలవలేదు. తీయించింది, కలిసింది. నమ్మక, మళ్ళీ పెట్టించి మళ్ళీ తీయించింది. ఆ తర్వాతే ఫోనెత్తి, ఇప్పుడు సిగ్నల్ ఇచ్చుకోండి అని మాస్టరుకు చెప్పింది.

సిగ్నల్ పచ్చబడింది. బండి వాళ్ళ పక్క నుంచే వెళ్ళింది. కిటికీల్లోంచి జనం ఏదో తిట్టారు, డ్రైవరు మాత్రం చెయ్యి ఊపాడు. చివరి పెట్టె దాటేదాకా వదిన ఆ పట్టా మొన మీది నుంచి చూపు తిప్పలేదు.

"ఇప్పుడు చెప్పండి" అంది.

మేస్త్రి చెప్పాడు, తల ఎత్తకుండా. ఆ రోజూ ఇలాగే మోటారు ఆగిపోయింది. గూడ్సు బండి పక్క లైనులోకి వెళ్ళింది గానీ, పాయింట్ మళ్ళీ మెయిన్ లైనుకు తిరగలేదు. ఎక్స్‌ప్రెస్ వచ్చే వేళ అవుతోంది, మాస్టరు ఫోను మీద ఫోను. పట్టాను చేత్తో తిప్పి బిగించి, ఆ తర్వాత కదా వైరు వేయాలి. దొంగపనికీ ఒక వరస ఉంటుంది. వైరు వేసే పెట్టె దారిలోనే ఉంది, పాయింట్ దాని అవతల ఉంది. ఎలాగూ వేసేదే కదా అని ముందు వైరు తగిలించి, తర్వాత హ్యాండిలు తీసుకుని పట్టా తిప్పడానికి బయల్దేరాడు. నడిచేది నాలుగడుగులే, ఈలోపు కొంపేం మునుగుతుంది అనుకున్నాడు. స్టేషనులో మాస్టరు బల్ల మీద దీపం వెలిగింది. పాయింట్ మెయిన్ లైనుకు ఉందనుకుని ఆయన సిగ్నల్ ఇచ్చేశాడు.

"బండి వస్తుంటే చూశానమ్మా. పచ్చ కూడా చూశాను. చెయ్యి ఊపాను, గుడ్డ ఊపాను. బావ చూశాడు. బ్రేకు వేశాడు, నిప్పులు లేచాయి. అంత వేగంలో ఎక్కడ ఆగుతుంది?" మేస్త్రి ముఖం తుడుచుకున్నాడు. "ఆ దుమ్ములో, ఆ ఏడుపుల్లో అందరూ బండి పెట్టెల వైపు పరిగెత్తారు. నేను వైరు పీకడానికి పరిగెత్తాను."

ఆ చివరి ముక్క దగ్గర పొట్టి ఫిట్టరు కూడా ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"మాస్టరూ నేనూ ఒక మాట అనుకున్నాం. ఇద్దరికీ పిల్లలున్నారు. నాకీ నెలతో అయిపోతుంది చెల్లెమ్మా. రిటైరయ్యాక నేనే వెళ్ళి చెబుదామనుకున్నాను, నా ఒట్టు."

"చెల్లెమ్మా అనకండి. నాకూ పిల్ల ఉంది" అంది వదిన. "ఇప్పుడే పదండి."

"రేపు పొద్దున్నే వస్తాను."

"రేపటికి మీరు మారిపోతారు. ఇన్నేళ్ళూ నా ఇంటి కప్పెక్కి రిపేరు చేసిన మనిషే ఇలాంటివాడని తేలాక, రేపటి మనిషిని నేనెలా నమ్మను?"

ఆయన్ని ముందు నడవమని, తాను వెనక నడిచింది. పక్కన నడిస్తే మాటలతో కరిగిస్తాడేమోనని, ముందు నడిస్తే ఎటైనా జారుకుంటాడేమోనని. పని బట్టలతోనే ఇద్దరూ డిపోకు వెళ్ళి, పెద్ద ఇన్‌స్పెక్టరు గదిలో నిలబడ్డారు. ఆయన సన్మానం సంగతి అనుకుని రండి రండి అంటూ నవ్వాడు. మేస్త్రి మొదలుపెట్టాక నవ్వు ఆగిపోయింది. లేచి తలుపు మూశాడు. అంతా విని, మేస్త్రి చేత ఇంకోసారి మొదటినుంచీ చెప్పించుకుని, పై అధికారికి ఫోను చేశాడు. వదిన తలుపుకు ఆనుకునే నిలబడింది, కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"పాత కేసమ్మా, తిరగదోడాలి. టైం పడుతుంది. ఈయన ఉద్యోగం, పెన్షను, కేసు, ఇదంతా వేరే. మీకేం కావాలో చెప్పండి" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"సిగ్నల్ పచ్చగా ఉందని చెప్పండి, చాలు."

"పచ్చగానే ఉందమ్మా. ఇప్పుడు ఈయనే చెప్పాడుగా."

"ఆయన చెప్పడం కాదు. మీరు చెప్పండి."

ఇన్‌స్పెక్టరు కుర్చీలోంచి లేచాడు. "మీ ఆయన పచ్చ సిగ్నల్ మీదే వెళ్ళాడమ్మా" అన్నాడు.

మేస్త్రి ఏదో అనబోయాడు. వదిన వినలేదు, వినదలుచుకోలేదు. బయటికొచ్చి నడక మొదలుపెట్టింది. దారిలో ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు. ఎదురైనవాళ్ళు ఏమైంది వదినా అంటుంటే, ఏమీ కాలేదు, మంచే జరిగింది అంటూ ఏడుస్తూనే నడిచింది. ఇల్లు దగ్గరపడుతుంటే ఏడుపు పోయి కోపం వచ్చింది. మేస్త్రి మీద కాదు. ఇప్పుడు చెబుతాను ఈవిడకి, కన్నకొడుకునే నమ్మని ఈ తల్లికి, ముఖం మీదే చెబుతాను అనుకుంది.

అత్తగారు మంచం మీద కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది.

"అత్తయ్యా, సిగ్నల్ పచ్చే. మేస్త్రి దొంగ వైరు వేశాడు. ఇన్‌స్పెక్టరు దగ్గర తన నోటితోనే ఒప్పుకున్నాడు. మీ కొడుకు ఎర్ర దాటలేదు. విన్నారా?"

అత్తగారి చేతులు ఆగిపోయాయి.

"అయితే వాడు నిద్రపోలేదా?"

"నిద్రేమిటి? మేస్త్రి గుడ్డ ఊపితే చూశాడు. బ్రేకు వేశాడు. చివరిదాకా మెలకువగానే ఉన్నాడు."

"చూశాడా? కళ్ళు తెరిచే ఉన్నాడా?"

"తెరిచే ఉన్నాడు అత్తయ్యా."

ముసలావిడ మడతపెట్టిన చొక్కాను ముఖానికి అదుముకుంది. వదిన కోపం ఎటు పోయిందో పోయింది. ఆవిడ ఏడవడం ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ ఇప్పుడే చూడటం. కాసేపటికి చొక్కా తీసి, నెమ్మదిగా చెప్పింది.

"ముందురోజు రాత్రి నాకు ఆయాసం వచ్చింది. నువ్వు పుట్టింట్లో ఉన్నావు. వాడు తెల్లవార్లూ నా వీపు రుద్దుతూ కూర్చున్నాడు, ఒక్క కునుకు తీయలేదు. ఇవాళ వెళ్ళొద్దురా అన్నాను. బండి ఆపితే ఎలాగమ్మా అని, మొహం కడుక్కుని వెళ్ళిపోయాడు. నిద్రపోయి గుద్దేశాడని వాళ్ళు తేల్చాక నాకింక ఏం మిగిలింది? నా కొడుకునీ, అంతమందినీ నేనే పొట్టన పెట్టుకున్నాననుకున్నాను."

"ఇన్నేళ్ళూ నాతో ఒక్క మాటైనా అనలేదేం?" అంది వదిన.

"నీతోనా?" అంది అత్తగారు. "చెప్పి ఉంటే ఇంకెవర్నీ అనుమానించేదానివి కాదు కదే. ఆ రోజే నా మీద తేల్చేసేదానివి."

వదిన ఆవిడ పక్కన కూలబడింది. కాదు అత్తయ్యా అనడానికి నోరు తెరిచింది. కాదనలేకపోయింది.